యాభై అడుగుల గాలి పైపు

నేను పంతుల్ని. మా తమ్ముడు మెకానిక్కు. మూడేళ్ళ కిందట ఇద్దరం కలిసి ఒక పాత గాలి మిషను కొన్నాం. దాన్ని కొన్నప్పుడు ఏం జరిగిందో, బిగించినప్పుడు ఏం జరిగిందో, దానికి ఎంత పొడుగు పైపు వెయ్యాలన్న దగ్గర మేమిద్దరం పన్నెండు రోజులు ఎందుకు మాట్లాడుకోలేదో రాస్తున్నాను.

మాది కోనసీమ. అమలాపురానికి పది కిలోమీటర్ల దూరంలో కాలవ పక్క పల్లె. ఊరు మెరక మీద ఉంటుంది. మా పేట గట్టు దిగాక పల్లంలో ఉంటుంది. మేం మాలలం. నాన్న కొబ్బరికాయలు ఒలిచేవాడు. భూమిలో పాతిన గునపం మీద కాయ పొడిచి, తిప్పి, పీచు లాగేసేవాడు. తెల్లారి మొదలెడితే పొద్దుగూకేసరికి వెయ్యి కాయలు ఒలిచిన రోజులున్నాయి. మాకు జ్వరమొస్తే నుదుటి మీద ఆయన చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి గీరుకునేది. అమ్మ ఊడుపులకీ కోతలకీ వెళ్ళేది.

నాన్నకి ఒక పాత సైకిలుండేది. నాన్న కుర్రతనంలో అయితే కామందుల వీధి రాగానే మావాళ్ళు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలట. నా చిన్నప్పటికి ఎక్కి వెళ్ళే రోజులొచ్చాయి. టైర్లో గాలి పోతే మాత్రం దిగాల్సిందే. ఊళ్ళో సైకిలు షాపు ఒకటే. ఊరోళ్ళ సైకిలైతే షాపతను తనే పంపు కొట్టేవాడు. మాదైతే పంపు తెచ్చి అరుగు కింద మట్టిలో పెట్టి, "కొట్టుకోండ్రా" అనేవాడు. పావలా అరుగు చివర పెట్టి వచ్చేవాళ్ళం. చేతికిచ్చేది లేదు.

నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఆరు. ఇద్దరం పిడి పట్టుకుని వేలాడితే గానీ పంపు దిగేది కాదు. నాలుగు దెబ్బలు కొట్టేసరికి పంపు అడుగు వేడెక్కేది. "ఎందుకు కాల్తంది అన్నయ్యా?" అని తమ్ముడు అడిగాడు. నాకు తెలీదు. గాలిని నొక్కితే వేడెక్కుతుందని ఇంటర్మీడియట్‌లో తెలిసింది. అప్పటికి తమ్ముడు బడిలో లేడు.

వాడు బడి మానింది తెలివి లేక కాదు. ఇద్దర్నీ చదివించడానికి నాన్న ఒలిచే కాయలు చాలలేదు. ఎవరో ఒకరన్నప్పుడు పెద్దోణ్ణని నన్ను ఉంచారు. వాణ్ణి రావులపాలెంలో ఒక మెకానిక్కు షాపులో పెట్టారు. వారానికి ఇచ్చే యాభై రూపాయల్లోంచి వాడు నాకు నోటు పుస్తకాలు కొని పంపేవాడు. మాకు డిగ్రీ అన్న మాట నాతోనే మొదలు. తరువాత బీఈడీ, 2012 డీఎస్సీలో ఉద్యోగం. నాన్న నాకు చెప్పిన మాట ఒకటే: "నీ చేతికి మసి అంటకూడదురా." ఆ మాట పక్కనే నించుని తమ్ముడూ వింటున్నాడని నాకు చాలా ఏళ్ళ తరువాత గానీ తోచలేదు.

మా కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు పాలేరు నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రవాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అవుతాడు. మాలో చదువుకున్న ప్రతివాడూ ఆ కుర్రవాడు నేనే అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. మరి ఆ కుర్రవాడికో తమ్ముడుంటే, వాడు చదవకపోతే, వాడి సంగతేమిటి?

తమ్ముడు పదిహేనేళ్ళు ఒకళ్ళ కింద పనిచేసి, చివరికి మా మెయిన్ రోడ్డు మీద షట్టరు ఒకటి అద్దెకి తీసుకున్నాడు. అందులో గాలి మిషను ఓనరుదే. బళ్ళు బాగుచేసేవాడు, పంచర్లు వేసేవాడు. వాడి చేతివాటం మంచిది. ఊరోళ్ళూ వచ్చేవారు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. మే నెలలో దానికి అంబేద్కర్ పేరు పెడతామని ప్రకటించారు. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ కాల్చారు. బస్సులు కాల్చారు. ఇంటర్నెట్టు ఆపేశారు. మా పేటలో రాత్రిళ్ళు మగాళ్ళు గట్టు మీద కాపలా పడుకున్నారు. ఒక పేరు చేర్చినందుకు ఇంత మంట. జూన్ మొదటి వారంలో షట్టరు ఓనరు తమ్ముణ్ణి పిలిచాడు. తిట్టలేదు. "నీ మీద నాకేం లేదురా, అందరూ నన్నంటున్నారు. కొన్నాళ్ళు ఖాళీ చెయ్యి, గొడవలు సద్దుమణిగాక చూద్దాం" అన్నాడు. సద్దుమణిగాక ఆ షట్టరు ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఏడాదే జిల్లాకి పేరు ఖాయమైంది. బోర్డుల మీద మా మనిషి పేరు నిలిచింది. వాడి షట్టరు మాత్రం పోయింది.

తమ్ముడు సామాను తెచ్చి ఇంటి ముందు రేకుల పాక కింద పెట్టుకున్నాడు. పానాలున్నాయి, జాకీ ఉంది. గాలి లేదు. కాలితో తొక్కే పంపుతో మోటారు సైకిలు టైరు నింపాలంటే చెమట కారిపోయేది. కొత్త కంప్రెషరు నలభై వేలు దాటింది. పాతది చూద్దామన్నాడు. మేం సీపీఎస్ వాళ్ళం, మాకు పాతవాళ్ళకున్న పీఎఫ్ అప్పు లేదు. ఏపీజీఎల్ఐ మీద లోను పెట్టాను.

2023 జనవరిలో కాకినాడలో ఒకాయన టైర్ల షాపు ఎత్తేస్తున్నాడని తెలిసి వెళ్ళాం. రెండు హెచ్‌పీ మోటారు, 160 లీటర్ల ట్యాంకు, కోయంబత్తూరు తయారీ. ఇరవై నాలుగు వేలు చెప్పాడు. నేను ప్యాంటూ షర్టూ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాను. "మేస్టారా! రండి, రండి" అని కుర్చీ వేశాడు. గాజు గ్లాసుల్లో టీ తెప్పించాడు. తమ్ముడు కూర్చోలేదు. మిషను చుట్టూ తిరుగుతున్నాడు.

పాత కంప్రెషరు కొనేవాళ్ళకి పనికొస్తుందని వాడు చూసిన పద్ధతి చెప్తాను. ముందు ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ విప్పాడు. ఎర్రటి నీళ్ళు బుడబుడమని వచ్చాయి. తుప్పు. తరువాత ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి మిషను వేయించాడు. ఎనిమిది కేజీల దగ్గరికి ముల్లు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూడమన్నాడు. లెక్క నాకు తెలుసు. 160 లీటర్ల ట్యాంకులో ఎనిమిది కేజీల ఒత్తిడి రావాలంటే బయటి గాలి ఇంకో 1280 లీటర్లు లోపలికి కుక్కాలి. ఈ సైజు పంపు నిమిషానికి నూటయాభై లీటర్లకి తక్కువ కాకుండా ఇవ్వాలని తమ్ముడన్నాడు. అంటే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. నేను వాచీ చూస్తున్నాను. వాడు వాచీ చూడలేదు. తల వంచి చప్పుడు వింటున్నాడు. మూడో నిమిషంలోనే "వాల్వు పోయిందన్నయ్యా" అన్నాడు. నా చెయ్యి పట్టుకెళ్ళి ఎయిర్ ఫిల్టరు దగ్గర పెట్టాడు. లోపలికి పీల్చాల్సిన చోట అప్పుడప్పుడు బయటికి ఊదుతోంది. ముల్లు ఎనిమిది మీదికి రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది.

నేను చదువుకున్న బాయిల్ నియమం 1662 నాటిది. రాబర్ట్ బాయిల్ ఇంగ్లీషు జమీందారు బిడ్డ. బాయిల్ ప్రయోగాలకి గాలి పంపు తయారుచేసింది ఆయన దగ్గర జీతానికున్న రాబర్ట్ హుక్. హుక్ కూడా తరువాత పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు. అయినా ఆ పంపు బాయిల్ పంపనే అన్నారు. మా దేశంలో ఇది ఇంకా లోతుగా దిగింది. కులం పనిని పంచి ఊరుకోలేదు, పనివాళ్ళనే ఒకరికొకరు కాకుండా విడగొట్టిందని అంబేద్కర్ 1936లోనే చెప్పారు. ఒకే కడుపున పుట్టిన మా ఇద్దరి మధ్యకి కూడా అది రావడం నేను చూశాను. లెక్క చెప్పిన నాకు కుర్చీ. జబ్బు చెప్పిన వాడికి నిలబడ్డ చోటు.

తమ్ముడు ఇంకోటి పట్టుకున్నాడు. సేఫ్టీ వాల్వు ఉండాల్సిన చోట బోల్టు బిగించి ఉంది. ఒత్తిడి మీరితే గాలి వదిలేసి ట్యాంకుని కాపాడేది ఆ వాల్వే. అది కారుతోందని బోల్టు పెట్టేశారు. కట్‌ఆఫ్ స్విచ్చి కూడా ఒకరోజు పనిచెయ్యకపోతే అది మిషను కాదు, బాంబు. బేరం పందొమ్మిది వేలకి దిగింది. ట్యాంకు పరీక్ష చేయించి నెగ్గితేనే తీసుకుంటామన్నాం. ఆయన సరేనన్నాడు. అప్పుడే అడిగాడు: "కోనసీమంటే ఏ ఊరండీ? మీరెవరి తాలూకండీ?" ఊరు చెప్పాను. ఎవరి తాలూకో చెప్పలేదు. "పేటండీ" అన్నాడు తమ్ముడు వెనకనుంచి.

ట్యాంకుని పక్కనే ఉన్న వెల్డింగు వర్క్‌షాపులో నీటి పరీక్ష చేయించాం. ట్యాంకు నిండా నీళ్ళు పోసి, గాలి లేకుండా చేసి, చేతిపంపుతో పదిహేను కేజీల దాకా ఒత్తిడి పెట్టారు. పని ఒత్తిడి పది కేజీలు, దానికి ఒకటిన్నర రెట్లు. నీళ్ళెందుకంటే, నీరు నొక్కితే పెద్దగా నొక్కుకోదు. ట్యాంకు ఓడితే కారుతుంది, అంతే. గాలితో అదే పరీక్ష చేస్తే ముక్కలు లేస్తాయి. అరగంట ముల్లు కదల్లేదు. నెగ్గింది.

మర్నాడు డబ్బులివ్వడానికి వెళ్ళాం. ఆయన మర్యాద తగ్గించలేదు. కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. మాకు కాగితం కప్పుల్లో, ఆయనకి గాజు గ్లాసులో. నేను చూశాను. తమ్ముడూ చూశాడు. టీ తాగేసి, కప్పు నలిపి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే దార్లో చెప్పాడు: "అక్కడ పడేత్తే మళ్ళీ ఎవరో మనోడే ఎత్తాలి."

ట్రాలీ ఆటోలో మిషనుకి రెండు పక్కలా పాత టైర్లు కట్టి బయల్దేరాం. యానాం దాటాక గౌతమి మీద ఎదుర్లంక వంతెన. దానికి బాలయోగి పేరు పెట్టారు. ఎదుర్లంకలో మావాళ్ళ ఇంట పుట్టి, 1998లో లోక్‌సభ స్పీకరైన మొదటి దళితుడు ఆయన. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి చనిపోయాడు. ఆ వంతెన లేనప్పుడు మనుషులూ బళ్ళూ పంటు మీద దాటేవారు. వంతెన మధ్యలో తమ్ముడు ఆటో ఆపించాడు. తాళ్ళు వదులయ్యాయేమో చూశాడు. "ఈ వంతెన మీద అందరూ వెళ్తారు కదన్నయ్యా" అన్నాడు. ఇంకేం అనలేదు.

బిగించడానికి వారం పట్టింది. వాల్వు ప్లేట్లూ, పిస్టన్ రింగులూ, గ్యాస్కెట్టూ కొత్తవి వేశాడు. బోల్టు తీసేసి సేఫ్టీ వాల్వు పెట్టాడు. ఆయిలు మార్చాడు. పాక నేల మీద సిమెంటు గచ్చు చేసి, కాళ్ళ కింద పాత టైరు ముక్కలు వేశాడు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగేలా బిగించాడు. చక్రం తిరిగే దిక్కు చూశాడు, దాని రెక్కల గాలి సిలిండరు తల మీదికి కొట్టాలి. కొబ్బరి పీచు దుమ్ము ఫిల్టర్లోకి పోకుండా తడిక కట్టాడు. అమ్మ ప్రార్థన చేసింది. తమ్ముడు నిమ్మకాయ కూడా కట్టాడు.

స్విచ్చి వేస్తే మోటారు మూలిగింది, తిరగలేదు. కెపాసిటరు మార్చాం. మళ్ళీ మూలిగింది. మీటరు పెట్టి చూస్తే సాయంత్రం వోల్టేజి నూట డెబ్భై. ట్రాన్స్‌ఫార్మరు ఊళ్ళో ఉంది. అక్కణ్ణుంచి స్తంభం స్తంభం దాటి, సన్న తీగె మీద, ఆఖర్న మా పేటకి వస్తుంది కరెంటు. కాలవ నీళ్ళలాగే, అన్నిట్లాగే, మాది చివరి భూమి. కమర్షియల్ మీటరుకి అర్జీ పెట్టి, స్తంభం నుంచి లావు తీగె లాగించి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు గొయ్యి తీయించాం. ఊళ్ళో మోటార్లన్నీ ఆగే మధ్యాహ్నం వేళ మొదటిసారి మిషను అందుకుంది. పేట పిల్లలంతా చేరారు. ముల్లు ఎనిమిది దగ్గరికొచ్చి టక్కుమని ఆగింది. తొమ్మిది నిమిషాలు. సాయంత్రం డ్రెయిన్ కాక్ విప్పితే చిన్న గ్లాసుడు నీళ్ళొచ్చాయి. "గాల్లోంచి నీళ్ళు తీత్తన్నార్రా!" అంది అమ్మ. మా కోనసీమ గాల్లో తేమ ఎక్కువ. నొక్కి, చల్లారితే ఆ తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. రోజూ తీసెయ్యకపోతే లోపల్నుంచి ట్యాంకుని తినేస్తుంది.

అప్పుడొచ్చింది పైపు సంగతి.

పాక దగ్గర్నుంచి గట్టు ఎక్కి రోడ్డు దాకా యాభై అడుగులు. తమ్ముడు యాభై అడుగుల పైపు కొనుక్కొచ్చాడు. ఎందుకంటే, ఊరోళ్ళు బండి దిగి పేటలోకి రారు. రోడ్డు మీద ఆగి హారను కొడితే వీడు పైపు పట్టుకెళ్ళి గాలి పెట్టి వస్తాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట అనలేదు. "పొడుగు పైపులో ఒత్తిడి పడిపోతుందిరా" అన్నాను.

వాడు నవ్వాడు. "టైరుకి కావాల్సింది ముప్పై పౌన్లు. మిషను నూట పదిత్తాది. పైపులో పది పోయినా మనకేటి? అసలు మాట చెప్పన్నయ్యా."

చెప్పాను. "చిన్నప్పుడు మనం దోసిలి పడితే వాళ్ళు ఎత్తునుంచి నీళ్ళు పోసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు మన దగ్గరికి రాకుండా మనమే గాలి మోసుకెళ్ళి పొయ్యాలా? అంటు వాళ్ళు పాటిస్తుంటే దానికి పైపు మనం కొనాలా?"

"నీకు ఒకటో తారీకున జీతం వత్తాది. నాకు జీతమిచ్చేవోడు ఆ రోడ్డు మీద నిలబడ్డవోడే."

"అయితే ఆత్మగౌరవం వొద్దా?"

వాడు చేతిలో పానా కింద పెట్టాడు. "అమలాపురంలో ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడు ఓనరు ఏవిట్లు మీరని అడిగితే ఏం చెప్పావన్నయ్యా? మేస్టార్నన్నావు. మళ్ళీ అడిగితే మళ్ళీ మేస్టార్నన్నావు. గృహప్రవేశానికి అమ్మని తీసుకెళ్ళలేదు, మాట తీరులో తెలిసిపోద్దని. నీ పైపు ఇంకా పొడుగు. నాది కళ్ళకి కనపడతంది, అంతే."

నేను లేచి వచ్చేశాను. పన్నెండు రోజులు ఫోను చెయ్యలేదు. వాడూ చెయ్యలేదు. ఆ పన్నెండు రోజులూ నేను బడిలో పాఠాలు చెప్పాను, యూనియన్ మీటింగులో అంబేద్కర్ గురించి మాట్లాడాను, సాయంత్రం ఆ అద్దె ఇంటికి వెళ్ళి తలుపేసుకున్నాను. వాడన్నదాంట్లో ఒక్క అబద్ధమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

పదమూడో రోజు ఇంటి ఓనరుకి అద్దె ఇస్తూ, అడక్కుండానే చెప్పాను, మేం మాలలమండీ అని. ఆయన డబ్బు లెక్కపెట్టుకుంటూ, "దానికేముందండీ" అన్నాడు. మూడు నెలల తరువాత అద్దె పెంచాడు. అందుకే పెంచాడని అనలేను. అందుకు కాదనీ అనలేను. అమ్మ ఇప్పుడు నెలలో వారం రోజులు మా ఇంట్లో ఉంటుంది. పై మెట్టు మీద కూర్చుని బియ్యం ఏరుతుంది, గట్టిగా మాట్లాడుతుంది.

తమ్ముడి పైపు రోడ్డు దాకానే ఉండేది. ఊరోళ్ళు రోడ్డు మీదే ఆగేవాళ్ళు. ఆ ఏడాది కోతల్లో కొబ్బరి లోడు ట్రాక్టరు ఒకటి గట్టు మీద పైపు పైనుంచి పోయింది. పైపు పగిలింది. నేను ఆ ఆదివారం అక్కడే ఉన్నాను. తమ్ముడు పగిలిన ముక్క కోసేశాడు. రెండు కొసలూ కలిపి క్లాంపు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. మిషను వైపున్న ముక్కకే నాజిలు బిగించాడు. కొలిస్తే ఇరవై అడుగులు. పాక గుమ్మం దాటి వేపచెట్టు దాకా వస్తుంది.

"కొత్త పైపుకి డబ్బులివ్వనా?" అన్నాను.

"వద్దు. సాల్లే" అన్నాడు.

ఊరోళ్ళలో కొందరు రావడం మానేశారు. వాడు రోజూ లెక్క రాసుకుంటాడు. మొదటి రెండు నెలలూ సగానికి పడింది. నా లోను కిస్తీ నడుస్తూనే ఉంది. మేం గెలిచామని నేను చెప్పను. అయితే దిగొచ్చేవాళ్ళూ ఉన్నారు. వేపచెట్టు కింద బల్ల వేశాడు, కూర్చుంటున్నారు. ఈ పుస్తకం చదివే విద్యార్థులకి ఒక్క మాట. బయట ఎంత గట్టిగా మాట్లాడినా, ఇంటికెళ్ళాక మీ పైపు ఎంత పొడుగుందో ఒకసారి కొలుచుకోండి. నేను చాలా ఆలస్యంగా కొలుచుకున్నాను.

మొన్న వేసవిలో ఊళ్ళోంచి తొమ్మిదేళ్ళ కుర్రాడొకడు సైకిలు తోసుకుంటూ గట్టు దిగొచ్చాడు. తమ్ముడు గాలి పెడుతుంటే వాడు మిషను దగ్గరికెళ్ళి సిలిండరు మీద చెయ్యి పెట్టబోయాడు.

"ముట్టుకోకు బాబూ, కాల్తాది."

"ఎందుకు కాల్తాది?"

నేను బల్ల మీద తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నాను. జవాబు నోటిదాకా వచ్చింది. తమ్ముడు నాజిలు చేత్తో పట్టుకుని ఆ పిల్లాడి పక్కన గొంతుకూర్చుని, గాలిని నొక్కితే ఏమవుతుందో చెప్పడం మొదలెట్టాడు. నేను పెన్ను మూసి విన్నాను.